నైట్ షిఫ్ట్ తప్పించుకోడానికి బార్బడోస్ వెళ్ళడం పిచ్చితనమా?

నిద్రలేని_నాని
ఆరేళ్ళుగా సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లవారుజాము మూడున్నరకి లాగౌట్. ఉండేది మణికొండ, పని అమెరికా కంపెనీకి, నేరుగా కాంట్రాక్టు. వయసు 36, బీపీ మాత్ర మొదలై ఏడాది అయింది. మొన్న బడిలో మా పాపని "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే "పడుకుంటారు" అని చెప్పిందట.

న్యూయార్క్ టైములో అందుబాటులో ఉంటే చాలు, ఎక్కడ కూర్చున్నా అభ్యంతరం లేదని మా మేనేజర్ మెయిల్ ఇచ్చాడు. అప్పట్నుంచి వెతుకుతుంటే బార్బడోస్ తగిలింది. వెల్కమ్ స్టాంప్ అని 2020 జులైలో మొదలుపెట్టారు. ఏడాది పాటు అక్కడే ఉండి బయటి కంపెనీకి పనిచేసుకోవచ్చు. ఏటా 50,000 అమెరికా డాలర్ల ఆదాయం చూపించాలి, నాకు కొంచెం పైనే ఉంది. మా ఆవిడ ఇంట్లోంచే డిజైన్ పనులు చేస్తుంది. పాపకి నాలుగేళ్ళు.

మా నాన్నకి చెబితే "వెస్టిండీస్ వెళ్ళి ఉద్యోగమేంట్రా, క్రికెట్ ఆడతావా" అన్నారు. నిజంగా ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. యూట్యూబ్‌లో కొబ్బరిచెట్టు కింద లాప్‌టాప్ పెట్టుకునేవాళ్ళ మాట వద్దు.

పల్నాటి_పులుసు
పాప చెప్పినదాంట్లో తప్పేముంది?

గోదారి_గట్టు
ఎందుకండీ అంత దూరం. భీమిలి రోడ్డులో ఫ్లాట్ తీసుకుంటే కిటికీ తెరిస్తే సముద్రమే. మీ జీతానికి ఇక్కడ దర్జాగా బతకొచ్చు. అక్కడ టమోటా కొనాలన్నా రెండుసార్లు ఆలోచించాలి.

నిద్రలేని_నాని
@గోదారి_గట్టు సముద్రం కోసం కాదండి. భీమిలిలో కూర్చున్నా మీటింగ్ రాత్రి పదకొండింటికే కదా.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
మేం 2022 నవంబరు నుంచి ఏడాది ఉండి వచ్చాం. మా ఆయనా నేనూ ఇద్దరం న్యూయార్క్ టైములోనే పని. నాని గారూ, మీరు చెప్పిన కారణం ఒక్కటి చాలు వెళ్ళడానికి. బీచ్ కోసం వచ్చినవాళ్ళు మూడో నెలకి మొహం మొత్తి వెళ్ళిపోవడం చూశాను. నిద్ర కోసం వచ్చినవాళ్ళు మాత్రం కదల్లేదు.

అక్కడి గడియారం ఏడాది పొడుగునా ఒకటే. ఇండియా కంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. ఎండాకాలంలో న్యూయార్క్‌తో సరిగ్గా సమానం, నవంబరులో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటే బార్బడోస్‌లో ఉన్న మనం గంట ముందుంటాం. అంటే వాళ్ళ తొమ్మిది మనకి పది. పొద్దున్నే సముద్రంలో ఓ మునక వేసి, ఇడ్లీ తిని, తీరిగ్గా కూర్చోవచ్చు. అమ్మకి పొద్దున ఏడింటికి ఫోన్ చేసేదాన్ని, అప్పుడు ఆవిడకి సాయంత్రం నాలుగున్నర, టీ పెట్టుకునే వేళ. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కూడా అమ్మతో అంత మాట్లాడలేదు.

ఫీజు ఒక్కరికైతే 2,000 డాలర్లు, కుటుంబానికి 3,000. దరఖాస్తు ఒప్పుకున్నాకే కట్టాలి. పెళ్ళి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్, హెల్త్ ఇన్సూరెన్స్ సిద్ధంగా పెట్టుకోండి. మాకు రెండు వారాల్లో వచ్చేసింది. అక్కడి ప్రభుత్వం ఆ జీతం మీద ఇన్‌కం టాక్స్ తీసుకోదు.

అసలు చిక్కు వీసా కాదు, దారి. మన పాస్‌పోర్టుకి బార్బడోస్ వీసా అడగదు. కానీ విమానం ఎక్కువగా లండన్ మీదుగానో అమెరికా మీదుగానో వెళ్తుంది. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా ఉండాల్సిందే. లండన్‌లో హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కే టికెట్ చవగ్గా కనిపిస్తుంది, కొనకండి. ఎయిర్‌పోర్టు మారాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. మా పక్కింటాయన అలాగే కొని శంషాబాద్ కౌంటర్ దగ్గరే ఆగిపోయారు.

పల్నాటి_పులుసు
ఇడ్లీ ఎక్కడిది?

ఓరుగల్లు_చిన్నోడు
అక్కా, వీసానే అడగనప్పుడు ఆ 3,000 డాలర్లు ఎందుకు కట్టుడు? టూరిస్టు లెక్క పోయి రూంల కూసొని పని చేస్కుంటే ఎవడు చూస్తడు?

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
@ఓరుగల్లు_చిన్నోడు ఎవరూ చూడకపోవచ్చు తమ్ముడూ. కానీ ఎయిర్‌పోర్టులో "ఏం పని మీద వచ్చారు" అని అడిగినప్పుడు నాలుగేళ్ళ పాపని పక్కన పెట్టుకుని అబద్ధం చెప్పాలి. పైగా టూరిస్టుకి ఏడాది ఇవ్వరు. చేతిలో కాగితం ఉంటే ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా మర్యాదగా మాట్లాడతారు.

@పల్నాటి_పులుసు ఇడ్లీ కథ పెద్దది. అక్కడ కరెంటు 115 వోల్టులు, ప్లగ్గు అమెరికాది, రెండు చదును పిన్నులు. నేను తెలివిగా ప్లగ్ అడాప్టర్ కొనుక్కుని, మిక్సీని చీరల మధ్య చుట్టి తీసుకెళ్ళా. మినప్పప్పు నానబెట్టి, జార్లో వేసి తిప్పితే "మ్‌మ్‌మ్" అని మూలిగింది తప్ప కదల్లేదు. మూడో నంబరుకి తిప్పితే ముసలి ఎద్దు గానుగ లాగినట్టు నాలుగు చుట్లు తిరిగి ఆగింది. పప్పు పప్పుగానే ఉంది. చివరికి వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. బియ్యం మూటంత బరువు, మిక్సీ కంటే ఎక్కువ ధర. వచ్చేటప్పుడు తర్వాత అద్దెకి దిగిన మలయాళీ వాళ్ళకి ఇచ్చేశాం. ఇప్పటికీ అది అక్కడే ఎవరికో ఇడ్లీలు పెడుతూ ఉంటుంది.

లాప్‌టాప్, ఫోన్ చార్జర్లకి ఈ బాధ లేదు, ఏ వోల్టేజీ అయినా తీసుకుంటాయి.

గోదారి_గట్టు
మిక్సీ కూడా తిరగని ఊరికి మనిషి వెళ్ళాలా?

డాక్టర్_కాబోతున్నా
నేను ఇక్కడే, బార్బడోస్‌లోనే మెడిసిన్ చదువుతున్నా. మాలాంటి తెలుగు పిల్లలు ఈ దీవుల్లో చాలామందే ఉన్నారు. పద్మ గారు అన్నీ బాగా చెప్పారు కానీ తుపాను సంగతి ఎత్తలేదు.

2024 జూన్ 29 శనివారం. కెన్సింగ్టన్ ఓవల్లో టీ20 ఫైనల్, ఏడు పరుగులతో గెలిచాం. సూర్య క్యాచ్ పట్టిన వైపు స్టాండులోనే ఉన్నా. గొంతు పోయింది. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు పొద్దున ఇంటి ఓనరు తలుపు కొట్టి చేతికి సుత్తి ఇచ్చాడు, కిటికీలకి ప్లైవుడ్ కొట్టమని. జులై 1న బెరిల్ మా దీవికి దక్షిణంగా దాటిపోయింది. బ్రిడ్జ్‌టౌన్ రేవులో చేపల పడవలు ఒకదాని మీద ఒకటి పడి విరిగిపోయాయి. గ్రెనడా వాళ్ళ కారియాకూ దీవి అయితే దాదాపు నేలమట్టమే. ఎయిర్‌పోర్టు మూసేశారు. కప్పు గెలిచిన మన టీం కూడా హోటల్లో ఇరుక్కుపోయింది, 3వ తేదీన ప్రత్యేక విమానం వస్తే గానీ కదల్లేదు.

సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. నిజం చెప్పాలంటే ఈ దీవి మిగతావాటి కంటే తూర్పున పక్కకి ఉండటంతో చాలా తుపాన్లు తప్పిపోతాయి. 1955లో జానెట్ తర్వాత హరికేన్ స్థాయిలో మళ్ళీ నేరుగా తగిలింది 2021లో ఎల్సానే. కానీ క్లయింటు డెలివరీ జులైలో పెట్టుకుంటే ముందే చెప్పి ఉంచండి.

పల్నాటి_పులుసు
రోహిత్ గడ్డి తిన్న గ్రౌండు కదా. ఇడ్లీ దొరక్కే తిన్నాడేమో.

న్యూజెర్సీ_సుజాత
నాది వేరే సందేహం. మా ఆయనది హెచ్1బి, నాది హెచ్4. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది. 30 రోజుల లోపు పక్క దేశాలకి వెళ్ళొస్తే స్టాంపింగ్ లేకుండానే రానిస్తారట. డిసెంబరులో మూడు వారాలు బార్బడోస్‌లో కూర్చుని పనిచేసి వద్దామని చూస్తున్నాం.

ఆడిటర్_బాబాయ్
@న్యూజెర్సీ_సుజాత వద్దమ్మా. ఆ వెసులుబాటు హెచ్ వీసాలకి కెనడా, మెక్సికో వరకే. దీవులు కూడా కలిసేది ఎఫ్, జె వీసాల వాళ్ళకి, అంటే ఎక్కువగా చదువుకునేవాళ్ళకి. బార్బడోస్ వెళ్తే మళ్ళీ కాన్సులేట్ మెట్లెక్కాలి. మీ లాయరుకి ఒక మెయిల్ పెట్టండి, టికెట్లు మాత్రం ముందే కొనకండి.

@నాని, నీకో మాట. అక్కడ టాక్స్ లేదని పద్మమ్మ చెప్పింది నిజమే. దాంతో ఇక్కడ కూడా లేదనుకోకు. భారత పౌరుడై ఉండి, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, ఇంకే దేశంలోనూ టాక్స్ కట్టాల్సిన బాధ్యత లేకపోతే, రోజుల లెక్కతో పని లేకుండా నిన్ను ఇక్కడి రెసిడెంటుగానే చూస్తారు. నీ జీతం ఎక్కడ పడుతుంది, అద్దెలూ షేర్లూ ఏమున్నాయి, ఏ తేదీన విమానం ఎక్కుతావు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని మీ ఆడిటర్ ముందు కూర్చో. మార్చి 31 తర్వాత కాదు, ముందే.

న్యూజెర్సీ_సుజాత
@ఆడిటర్_బాబాయ్ బతికించారు. హోటల్ బుకింగ్ ఇప్పుడే రద్దు చేశా. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు.

పోర్ట్‌ఆఫ్‌స్పెయిన్_రమణ
అందరూ బార్బడోస్ అంటారు. ట్రినిడాడ్ రండి. 1845లో మొదటి ఓడ వచ్చిన దగ్గర్నుంచి మనవాళ్ళు ఉన్నారు. దీపావళికి ప్రభుత్వ సెలవు. పప్పు కూరిన రోటీ, శనగల కూరతో డబుల్స్ పొద్దున్నే రోడ్డు మీద దొరుకుతాయి. కరివేపాకుని ఇక్కడ 'కరపులే' అంటారు. మద్రాసు రేవు నుంచి వచ్చిన కూలీలతో చేరిన మాట అన్నమాట. మొదటిసారి సంతలో ఒక ముసలమ్మ నోట ఆ మాట విని అక్కడే నిలబడిపోయా. ఖర్చు కూడా తక్కువే.

డాక్టర్_కాబోతున్నా
@పోర్ట్‌ఆఫ్‌స్పెయిన్_రమణ అన్నా, డబుల్స్ విషయంలో మీదే గెలుపు. కానీ మీ దగ్గర ఇలాంటి స్టాంప్ లేదు కదా. 2024 చివర్లో ఎమర్జెన్సీ కూడా పెట్టారు.

పోర్ట్‌ఆఫ్‌స్పెయిన్_రమణ
అది ఒప్పుకుంటా. చీకటి పడ్డాక నేనూ బయట తిరగను. చిన్నపిల్లతో వచ్చేవాళ్ళకైతే బార్బడోసే చెబుతా. డబుల్స్ తినడానికి మాత్రం ఒక వారం ఇటు రండి.

ఓరుగల్లు_చిన్నోడు
యాంటిగ్వాల 1,500 డాలర్లకే రెండేండ్లు ఇస్తరట. డొమినికాల ఏడాదిన్నర. గవి ఎందుకు చూస్తలేరు? కేమన్ మాత్రం లక్ష డాలర్ల జీతం ఉండాలంటున్నరు, మనం మర్చిపోవుడే.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
యాంటిగ్వా చెడ్డదేం కాదు. మేం బార్బడోస్ ఎంచుకున్నది ఇంటర్నెట్, ఆసుపత్రి, కుళాయి నీళ్ళ కోసం. దీవంతా పగడపు సున్నపురాయి, దానిలోంచి వడకట్టుకుని దిగిన నీళ్ళు. కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుని తాగేశాం ఏడాదంతా. ఇంటికి ఫైబర్ ఉండేది, మీటింగుల్లో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. ఇబ్బంది పెట్టింది కప్పలు.

పల్నాటి_పులుసు
కప్పలా?

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
బొటనవేలి గోరంత కప్పలు, సాయంత్రం చీకటి పడగానే ఈల వేస్తాయి. ఒకటి కాదు, వందలు. ఆరింటి కాల్‌లో మా క్లయింటు "మీ ఇంట్లో స్మోక్ అలారం బ్యాటరీ అయిపోయినట్టుంది, చూసుకోండి" అన్నాడు. కప్ప అని చెబితే నమ్మలేదు. ల్యాప్‌టాప్ కిటికీ దగ్గర పెట్టి వినిపించా. తర్వాత ప్రతి కాల్‌కీ ముందు "కప్ప బాగుందా?" అని అడిగేవాడు.

ఇంకొకటి, ఉప్పు గాలి. నాలుగు నెలలకే నా ల్యాప్‌టాప్ చార్జింగ్ పిన్ మీద ఆకుపచ్చ చిలుము పట్టింది. ఇయర్ బడ్ వత్తుతో తుడిచేదాన్ని, తర్వాత అదీ పనిచేయలేదు. తలుపు గడియలు, కత్తెర, కుట్టు సూదులు, అన్నీ తుప్పే. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లు తీసుకోకండి. నాలుగు వీధులు లోపలికి ఉంటే అద్దె తగ్గుతుంది, వస్తువులూ బతుకుతాయి.

నిద్రలేని_నాని
అద్దె ఎంతలో చూసుకోవాలి పద్మ గారూ? ఒక ఆయన రెండు బెడ్‌రూములకి 2,800 అన్నాడు. గుండె ఆగింది.

డాక్టర్_కాబోతున్నా
ఏ డాలర్లు అన్నాడు?

నిద్రలేని_నాని
డాలర్లంటే డాలర్లే కదా?

డాక్టర్_కాబోతున్నా
అక్కడే అందరూ పడతారు. బార్బడోస్ డాలరు వేరు. రెండు ఇస్తే ఒక అమెరికా డాలరు, 1975 నుంచీ అదే రేటు. ఆయన బార్బడోస్ డాలర్లలో అంటే మీకు 1,400 అన్నట్టు. ప్రతి ధరకీ "ఏ డాలరు?" అని అడగడం అలవాటు చేసుకోండి. నేను వచ్చిన మొదటి వారం టాక్సీకి రెట్టింపు కట్టా.

నిద్రలేని_నాని
అడిగా. బార్బడోస్ డాలర్లేనట! మా ఆవిడకి ఇప్పుడే చెప్పా, ముందు నమ్మలేదు.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
సంబరం అప్పుడే వద్దు. కరెంటు బిల్లు వేరే ఉంటుంది, రాత్రంతా ఏసీ వేస్తే అద్దెతో పోటీ పడుతుంది. కిటికీలు తీసి ఫ్యాన్ వేసుకుంటే గాలి బాగానే ఆడుతుంది, దోమతెర తప్పనిసరి. తినేవి చాలావరకు ఓడ మీద రావాల్సిందే, పైన వ్యాట్ 17.5 శాతం. మేం మొదటి నెల హైదరాబాద్ లాగే వండుకుని దివాలా తీశాం. తర్వాత అక్కడ దొరికేది తినడం నేర్చుకున్నాం. సీమపనస వేపుడు, చిలగడదుంప, గుమ్మడికాయ, ఎగిరే చేప. పప్పులూ మసాలాలూ బ్రిడ్జ్‌టౌన్‌లో గుజరాతీ వాళ్ళ కొట్లలో దొరుకుతాయి. వాళ్ళు వచ్చి మూడు తరాలు అయింది, గుజరాతీ యాసలో బార్బడోస్ ఇంగ్లీషు వినాల్సిందే. బార్బడోస్ వాళ్ళ జాతీయ వంట కూకూ అని, మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి తెడ్డుతో కెలుకుతారు. అచ్చం మన సంకటే.

అనంతపురం_ముద్ద
బెండకాయ వేసి సంకటా? ఒప్పుకోను.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
@అనంతపురం_ముద్ద చేప పులుసు పోసుకుని తిని చెప్పండి.

అనంతపురం_ముద్ద
పులుసు పోస్తే ఏదైనా తింటాం. అది వేరే సంగతి.

గోదారి_గట్టు
ఇంతమంది చెప్పారు, ఒక్కరూ మనిషి గురించి చెప్పలేదు. నాని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో ఉంటాడు. ఆవిడ ఎవరితో మాట్లాడుతుంది? పాప ఎవరితో ఆడుకుంటుంది? మా చెల్లెలు కొవిడ్ అప్పుడు భర్తతో మాల్టా వెళ్ళింది. ఆరు నెలలకి వచ్చేసి, ఇప్పటికీ ఆ ఊరి పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
@గోదారి_గట్టు ఈ ఒక్కదాంట్లో మీతో వాదించను. రెండు గదుల ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి కాల్ ఉంటే నేను కారులో కూర్చునేదాన్ని, అద్దాలు ఎక్కించి, చెమటలు కారుతూ. ఒకసారి కాల్ అయ్యాక దిగబుద్ధి కాలేదు, ఊరికే అరగంట కూర్చున్నా. ఉగాదికి పచ్చడి చేసి ఎవరికి పెట్టాలో తెలియక పక్కింటి బామ్మకి ఇచ్చాను. చెంచాడు తిని "ఇది దేనికి మందు?" అని అడిగింది. ఆ తర్వాత ఆవిడ రోజూ వచ్చేది. వీధిలో ఎదురైనవాళ్ళకి గుడ్ మార్నింగ్ చెప్పకపోతే మనకి పొగరనుకుంటారక్కడ. చెబితే మాత్రం ఊరంతా చుట్టాలే. అది నాకు రెండో నెలలో తెలిసింది, మొదటి నెలంతా తల దించుకుని నడిచా.

నాని గారూ, మీ ఆవిడ ఇష్టం వేరుగా కనుక్కోండి. మీరు లేనప్పుడు ఆవిడని మా అందరికీ రాయమనండి.

నిద్రలేని_నాని_వాళ్ళావిడ
ఇప్పుడే అకౌంటు తెరిచా. ఆయన పడుకున్నారు. (మళ్ళీ.) నాకు వెళ్ళాలనే ఉంది. ఇక్కడ కూడా ఆరేళ్ళుగా నేను పగలు ఒక్కదాన్నే, ఇంట్లో చప్పుడు చేయకుండా గిన్నెలు తోముకుంటున్నా. కనీసం అక్కడ గిన్నెలు చప్పుడు చేయచ్చు. నా ప్రశ్న బట్టల గురించి. పాపకి మిలిటరీ డిజైన్ ప్యాంట్లు రెండున్నాయి, తెచ్చుకోవచ్చా? ఎక్కడో వద్దని చదివాను.

డాక్టర్_కాబోతున్నా
తేవద్దు అక్కా. ఆ డిజైన్ బట్టలు ఇక్కడ సైన్యం తప్ప ఎవరూ వేసుకోకూడదు, పిల్లలైనా సరే. బ్యాగులు, టోపీలు కూడా.

పల్నాటి_పులుసు
గిన్నెల మాట చదివాక జోకు వేయబుద్ధి కావట్లేదు. వెళ్ళిరండమ్మా.

ఓరుగల్లు_చిన్నోడు
కారు లేకుంటే ఎట్ల తిరుగుడు?

డాక్టర్_కాబోతున్నా
తెల్ల వ్యాన్లు, ఎర్ర చార, నంబరు ప్లేటు మీద ఉండే అక్షరాలతోనే జెడ్ఆర్ అంటారు. టికెట్టు మూడున్నర బార్బడోస్ డాలర్లు. మన సెవెన్ సీటర్ ఆటోకి డీజే కట్టినట్టు. దిగాలంటే గట్టిగా అరవాలి. సొంతంగా నడిపితే మనలాగే ఎడమ వైపు. దీవి మొత్తం పొడవు 34 కిలోమీటర్లే, గ్రేటర్ హైదరాబాద్ కంటే చిన్నది. అయినా సాయంత్రం ఐదింటికి ట్రాఫిక్ ఉంటుంది, బెంగ పెట్టుకోవద్దు.

ఇల్లు మాత్రం పడమర వైపు చూసుకోండి. తూర్పున, దక్షిణాన కొన్ని నెలలు సముద్రపు నాచు కొట్టుకొచ్చి గుట్టలు పడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
పడమర అద్దెలు డాక్టర్ల కొడుకులకే సరిపోతాయి బాబూ. దక్షిణాన ఉన్నాం, నాచు వచ్చిన నెల ముక్కు మూసుకున్నాం, మిగతా నెలలు శుక్రవారం ఆయిస్టిన్స్‌లో కాల్చిన చేప తిన్నాం.

నిద్రలేని_నాని
లేచాను. మా ఆవిడ రాసింది చదివాను. దరఖాస్తు ఈ రాత్రి పెడుతున్నాం.

ఆ 2,800 ఇల్లు పడమర వైపుదే, హోల్‌టౌన్ దగ్గర. ఇంత తక్కువకి ఎందుకిస్తున్నాడో అర్థం కావట్లేదు. ఫొటోలు పంపాడు. ఇసక మీదికే గేటు. గేటు పక్కన పెద్ద చెట్టు, మంచి నీడ, చిన్న ఆకుపచ్చ కాయలున్నాయి, రేగుపండు కంటే కాస్త పెద్దవి. కాండానికి ఎర్ర రంగుతో పట్టీ వేశారు. పాపకి ఉయ్యాల కట్టచ్చు కదా?

డాక్టర్_కాబోతున్నా
ఉయ్యాల కాదు, ఆ చెట్టు కింద నిలబడనే వద్దు. ఎర్ర పట్టీ అందుకే వేస్తారు. దాని పేరు మాంచినీల్. కాయ కొరికితే నోరూ గొంతూ కాలిపోతాయి. పాలు ఒంటి మీద పడితే బొబ్బలు, వానలో దాని కింద తలదాచుకున్నా ఆకుల మీంచి కారే నీళ్ళకే బొబ్బలు. బీచ్ పొడుగునా అక్కడక్కడా ఉంటాయి, పెద్దవాళ్ళు చూసుకుని నడుస్తారు. నాలుగేళ్ళ పిల్లకి చెప్పలేం.

బ్రిడ్జ్‌టౌన్_పద్మ
దక్షిణం వైపు మా పాత ఇంటి ఓనరమ్మ నంబరు మెసేజ్‌లో పెడుతున్నా. పక్కింటి బామ్మ ఇంకా అక్కడే ఉంది.

పల్నాటి_పులుసు
ట్రాన్స్‌ఫార్మర్ కూడా అడగండి.